పిన్నీసూ, పెట్రోలూ

మోటారు సైకిలు గురించి ఆడవాళ్లు రాయటమేమిటని ముక్కున వేలేసుకోకండి. నూనె డబ్బాకి చిల్లు పెట్టటం వచ్చిన ప్రతి ఇల్లాలికీ మోటారు సైకిలు సగం తెలిసినట్టే. ఈ సంగతి నాకు 1984లో, తణుకు నుంచి అత్తిలి వెళ్లే దారిలో, అర్ధరాత్రి దాటాక తెలిసింది. నాకంటే ఎన్నో ఏళ్ల ముందే ఇద్దరు పరాయి దేశపు ఆడవాళ్లు ఇలాంటి సంగతే కనిపెట్టారని తరవాత చదివి తెలుసుకున్నాను. ముందు నా గొడవ కాస్త చెప్పి, వాళ్ల దగ్గరికి వస్తాను.

అప్పట్లో మావారికి ఒక పాత మోటారు సైకిలు ఉండేది. ఏ కంపెనీదో చెప్పను. పాపం, తప్పు కంపెనీది కాదు. మా చేతికి వచ్చేసరికే అది ఇద్దరు యజమానుల్ని చూసింది. కొన్న నెలకే మావారు సరదా పడి టాంకుకి, మూతకి కలిపి నల్లరంగు కొట్టించారు. చూసుకుంటే మొహం కనబడేది. ఆ రంగు పడ్డ దగ్గర్నుంచీ బండికో జబ్బు పట్టుకుంది. మూడు నాలుగు కిలోమీటర్లు బుద్ధిగా పోయేది. ఆ తరవాత దగ్గి, మూలిగి, ఆగిపోయేది. పది నిమిషాలు చెట్టు కింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయలుదేరేది. మెకానిక్కు ప్లగ్గు మార్చాడు. కార్బురేటరు విప్పి మూడుసార్లు కడిగాడు. చివరికి "పెట్రోల్లో కల్తీ అండీ" అని చేతులు దులుపుకున్నాడు.

ఆ రాత్రి అత్తిలిలో మా చెల్లెలి పెళ్లి. ముహూర్తం రాత్రి 1 గంట 52 నిమిషాలకు. పుట్టింటివారి తరఫు మంగళసూత్రం చేయించే పని మా నాన్న మామీద పెట్టారు. కంసాలి ఇవాళా రేపూ అంటూ తిప్పి, పెళ్లినాటి రాత్రి పన్నెండు గంటలకు చేతిలో పెట్టాడు. బస్సులు లేవు. కారు మాట్లాడే స్తోమతు అప్పుడు లేదు. మావారు టాంకు నిండా పెట్రోలు పోయించారు. నేను సూత్రాన్ని పసుపు గుడ్డలో చుట్టి, కొంగున ముడివేసి, ఆ ముడికి పిన్నీసు పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారి అరగంటకు మించి లేదు.

నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో బండి ఆగింది. మావారు టార్చిలైటు వేసి, టాంకు మూత తీసి చూశారు. పెట్రోలు నిండుగా ఉంది. మూత పెట్టి కిక్కు కొడితే స్టార్టయింది. ఇంకో మూడు కిలోమీటర్లకు మళ్లీ ఆగింది. మళ్లీ మూత తీసి చూడటం, కిక్కు కొట్టటం, బయలుదేరటం. మూడోసారి ఆగేసరికి ఆయన సహనం చచ్చిపోయింది. టార్చిలైటు నోట కరుచుకుని, రెంచి తీసి, "కార్బురేటరు విప్పేస్తాను" అన్నారు. టైము ఒంటిగంటా పది. ఆ చీకట్లో కార్బురేటరు విప్పితే అందులోని చిన్న చిన్న ముక్కలు గడ్డిలో పడటం ఖాయం. మా చెల్లెలు పీటల మీద కూర్చుని మాకోసం ఎదురు చూడటమూ ఖాయం.

ఆయన్ని అక్కడే, రెంచి చేతిలో ఉండగా, కాసేపు నిలబెట్టి ఉంచుతాను. అసలు పెట్రోలు టాంకులోంచి ఇంజనులోకి ఎలా వెడుతుందో, ఆ దారి మనుషులకి ఎలా తెలిసొచ్చిందో చెబితేగాని తరవాతి కథ మీకు రుచించదు.

పాత మోటారు సైకిలులో పెట్రోలును తోసే పంపు ఉండదు. టాంకు పైన, ఇంజను కింద. పల్లానికి నీరు పారినట్టు పెట్రోలు దిగుతుంది. టాంకు అడుగున ఒక కుళాయి, దానికి మూడు స్థానాలు: తెరిచినది, మూసినది, రిజర్వు. రిజర్వు అంటే వేరే టాంకేదో ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. అలాంటిదేమీ లేదు. కుళాయిలోంచి టాంకులోకి ఒక పొడుగు గొట్టం లేచి ఉంటుంది. పెట్రోలు ఆ గొట్టం మూతి కంటే కిందికి దిగితే బండి ఆగుతుంది. అప్పుడు రిజర్వుకి తిప్పితే అడుగున ఉన్న ఇంకో కంతలోంచి మిగిలినది వస్తుంది. బానలో అడుగు నీళ్లు తోడితే మడ్డి కూడా వచ్చినట్టు, రిజర్వులో పెడితే తుప్పూ, నలకా, నీటి చుక్కా కూడా దిగుతాయి. పాత బండ్లు రిజర్వులో పెట్టాక ఎక్కువగా మొరాయించటానికి ఒక కారణం ఇదే.

ఈ దారిలో అడ్డు పడటమనేది మొన్నా నిన్నా పుట్టిన తంటా కాదు. పెట్రోలు బండి పుట్టిన నాడే పుట్టింది. దాన్ని మొదట దారిలో ఎదుర్కొన్నవాళ్లలో ఒకావిడ పుట్టింటికి వెడుతున్న ఇల్లాలు.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. జర్మనీలో, ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్లో 1849లో పుట్టింది. కార్ల్ బెంజ్ అనే ఇంజనీరుతో నిశ్చితార్థం అయింది. ఆయనకి బుర్ర నిండా యంత్రాలు, జేబు నిండా గాలి. పైగా వర్క్‌షాపులో భాగస్వామి నమ్మదగ్గవాడు కాడు. బెర్తా పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము ఇప్పించుకుని, ఆ భాగస్వామి వాటా కొనిపించి అతణ్ణి పంపించేసింది. కట్నం పెట్టుబడి అయిన కథలు మనకి చాలా తెలుసు గాని, దాంతో మోటారు బండి పుట్టిన కథ ఇదొక్కటేనేమో.

కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఒకే సిలిండరు, సైకిలు చక్రాల్లాంటి చక్రాలు. నిజానికి అప్పటికి కారుకీ మోటారు సైకిలుకీ పెద్ద దూరం లేదు. అంతకు ముందు ఏడే, 1885లో, డైమ్లర్, మేబాక్ అనే ఇద్దరు రెండు చక్రాల చెక్క బండికి ఇంజను తగిలించారు. బెంజ్ బండి బాగానే ఉంది గాని కొనేవాడు లేడు. జనానికి నమ్మకం లేదు. కార్ల్‌కి నలుగురిలోకి తీసుకెళ్లే ధైర్యం లేదు.

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, మొగుడికి చెప్పకుండా, పదిహేనేళ్ల యూజెన్‌నీ పదమూడేళ్ల రిచర్డ్‌నీ వెంటబెట్టుకుని బెర్తా బండి బయటికి తీసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, అమ్మగారింటికి. ఆ దారిలో వంద కిలోమీటర్లకు పైమాటే. అంతదూరం మోటారు బండి మీద అంతకు ముందెవరూ వెళ్లలేదు. దారిలో పెట్రోలు బంకులు లేవు. ఆ బండికి కావలసిన లిగ్రోయిన్ అనే ద్రవం మందుల షాపుల్లో సీసాల్లో అమ్మేవారు, బట్టల మీద మరకలు తీయటానికి. వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపు ముందు బండి ఆపి, ఉన్న లిగ్రోయినంతా కొంది బెర్తా. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు మాదేనని ఆ షాపుకు ఇప్పటికీ గొప్ప.

దారిలో ఇంధనం వెళ్లే గొట్టంలో నలక అడ్డుపడి బండి ఆగింది. మెకానిక్కు లేడు, ఆ వృత్తే ఇంకా పుట్టలేదు. బెర్తా తన టోపీ జుట్టుకి నిలబెట్టుకునే పొడుగాటి సూది తీసి, గొట్టంలో పొడిచి, నలక తీసి పారేసింది. మరోచోట కరెంటు తీగ మీది పొర అరిగిపోతే మేజోడు పట్టీ తీసి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేకపోతే దిగి తోశారు. సాయంత్రానికి పుట్టిల్లు చేరి మొగుడికి టెలిగ్రాం కొట్టింది. కొన్నాళ్లుండి అదే బండిలో తిరిగొచ్చి, ఎత్తులెక్కటానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. కార్ల్ బెంజ్ పెట్టాడు కూడానూ. తరవాత బండ్లు అమ్ముడుపోయాయి. పేటెంటు కాగితం మీద మాత్రం బెర్తా పేరు లేదు.

అప్పటి బండ్లలో గాలి పెట్రోలు పైనుంచి వెళ్లి దాని ఆవిరిని కలుపుకుని ఇంజనులోకి పోయేది. అది సరిగ్గా కుదిరేది కాదు. పెట్రోలును సన్నటి తుంపరగా గాలిలో కలపాలనే ఆలోచన 1893 నాటికి బాగా పట్టాలెక్కింది. బుడాపెస్టులో డోనాట్ బాంకి, యానోష్ చోంక అనే ఇద్దరికి దాని మీద పేటెంటు వచ్చింది. వాళ్లిద్దరూ సాయంత్రం నడిచి వెడుతుంటే, పూలమ్మే పిల్ల ఒకతె గొట్టంతో ఊదుతూ పూల మీద నీళ్లు చిలకరిస్తోందట. ఆ తుంపర చూసి ఈ ఊహ పుట్టిందని ఆ దేశంలో కథగా చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, మల్లెపూల బుట్ట మీద నీళ్లు చిలకరించటం చూసిన మనకి అబద్ధం అనబుద్ధి కాదు. అదే సంవత్సరం మేబాక్ కూడా జర్మనీలో తుంపర కార్బురేటరు తయారుచేశాడు.

కార్బురేటరులో ఏముందంటే, ఒక బుల్లి గిన్నె. గిన్నెలో తేలే బంతిలాంటిది ఒకటి. మేడమీద నీళ్ల టాంకులో బంతి ఉంటుందే, అలాంటిదే. పెట్రోలు నిండితే బంతి పైకి లేచి దారి మూస్తుంది. తగ్గితే కిందికి దిగి దారి తెరుస్తుంది. గిన్నెలోంచి ఇంజనుకి వెళ్లే ఇత్తడి కంతను జెట్టు అంటారు. అది సూది బెజ్జమంత ఉంటుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్లు గాలి కలవాలి. ఎక్కువైనా తక్కువైనా కాఫీలో డికాషను పాళ్లు తప్పినట్టే, ఇంజను మొహం మాడ్చుకుంటుంది. పెట్రోలు చాలకపోతే ఎండిపోయి ఆగుతుంది. ఎక్కువైతే అన్నం తింటూ పొలమారినట్టు ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. బయటినుంచి చూసేవాడికి రెండూ ఆగటమే. వేళకి తేడా కనిపెట్టినవాళ్లే గొప్పవాళ్లు.

అలా కనిపెట్టిన రెండో ఆవిడ బియాట్రిస్ షిల్లింగ్. ఇంగ్లండులో 1909లో పుట్టింది. మాంసం అమ్మేవాడి కూతురు. తోటి పిల్లలు బొమ్మలు కొనుక్కుంటే ఈ అమ్మాయి పనిముట్లు కొనుక్కునేది. పద్నాలుగేళ్లకే మోటారు సైకిలు కొనుక్కుని, తనే విప్పి, తనే బిగించుకునేది. మాంచెస్టరులో ఇంజనీరింగు చదివింది. 1934లో బ్రూక్లాండ్స్ పందేల బాట మీద, తన చేత్తో మెరుగుపరచుకున్న నార్టన్ మోటారు సైకిలు తోలి, గంటకు వంద మైళ్లు దాటినవారికి ఇచ్చే బంగారు నక్షత్రం గెలుచుకుంది. ఆ నక్షత్రం వచ్చిన ఆడవాళ్లు ముగ్గురే ముగ్గురు. 1938లో జార్జి నేలర్‌ని పెళ్లాడింది. నువ్వూ ఆ నక్షత్రం గెలుచుకుంటే గాని పెళ్లి లేదందని చెప్పుకుంటారు. మన పెళ్లిచూపుల్లో ఇలాంటి షరతు ఒక్క అమ్మాయి పెట్టినా ఎంత బావుండేది!

1936 నుంచి ఆవిడ ఫార్న్‌బరోలో ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో పనిచేసింది. 1940లో యుద్ధం ఇంగ్లండు ఆకాశం మీదికి వచ్చింది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉన్న మెర్లిన్ ఇంజను చాలా గొప్పది గాని, దాని కార్బురేటరులోనూ మన మోటారు సైకిలులో లాగే తేలే బంతి ఉంది. జర్మను యుద్ధ విమానాలకు కార్బురేటరు లేదు; ఇంధనాన్ని తిన్నగా సిలిండరులోకి చిమ్మే ఏర్పాటు ఉంది. శత్రువు హఠాత్తుగా ముక్కు కిందికి వంచి దూకితే, వెంటపడ్డ ఇంగ్లీషు విమానం కూడా అలాగే దూకాలి. దూకిందా, ఇంజను ఆగేది. పైలటు గుండె కూడా ఆగినంత పనయ్యేది.

హఠాత్తుగా కిందికి వంచితే గిన్నెలోని పెట్రోలు పైకి ఎగిరి మూతకి కొట్టుకుంటుంది. అడుగున ఉన్న జెట్టుకు ఒక్క క్షణం అందదు. అది మొదటి దగ్గు. అసలు ప్రమాదం తరవాతిది. పెట్రోలు పైకి చేరటంతో బంతి తికమక పడి దారి పూర్తిగా తెరిచేసేది. పంపు బలంగా తోసేది. గిన్నె పొంగిపొర్లి ఇంజనుకి పొలమారేది. పైకి చూస్తే పెట్రోలు అందని జబ్బులా కనబడుతున్నది, నిజానికి అజీర్తి!

బియాట్రిస్ ఇంజను మార్చమనలేదు. గాలిలో పోరాడుతున్న వందల విమానాల్ని విప్పి కూర్చునే తీరిక ఆ దేశానికి లేదు. ఇంజను పూర్తి బలంతో తిరిగేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో లెక్కవేసి, సరిగ్గా అంతే పోనిచ్చే కంత ఉన్న చిన్న ఇత్తడి బిళ్ల తయారుచేయించింది. కుళాయికి వేసే వాషరులాంటిది. పెట్రోలు గొట్టంలో దాన్ని పెడితే చాలు, పొంగటం తగ్గిపోయింది. 1941 మార్చి నుంచి ఆవిడా, ఆవిడ చిన్న బృందమూ ఒక్కొక్క విమానస్థావరానికీ వెళ్లి అవి బిగించారు. ఆవిడ తన పాత నార్టన్ మీదే స్థావరాలకు తిరిగేదని చెబుతారు. జబ్బు పూర్తిగా నయంచేసే కొత్త రకం కార్బురేటర్లు 1943లో వచ్చేదాకా ఆ బిళ్లే కాపు కాసింది. పైలట్లు దానికి "మిస్ షిల్లింగ్ కంత" అని కొంటెగా పేరు పెట్టారు. అప్పటికి ఆవిడకి పెళ్లయి మూడేళ్లయింది లెండి. యుద్ధం తరవాత ప్రభుత్వం బిరుదిచ్చింది. 1969 దాకా అదే సంస్థలో ఉద్యోగం చేసి, 1990లో కన్ను మూసింది.

ఇక మా దారి మీదికి వద్దాం. మావారు రెంచి పట్టుకుని వంగారు. ఈ కథలేమీ అప్పుడు నాకు తెలియవు. నాకు తెలిసినదల్లా నూనె డబ్బా. కొత్త డబ్బాకి ఒకటే చిల్లు పెట్టి వంచితే నూనె రెండు చుక్కలు పడి ఆగిపోతుంది. ఎదురుగా రెండో చిల్లు పెడితేనే ధార కడుతుంది. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. మా అత్తగారు కాపురానికొచ్చిన వారంలోనే నాకు నేర్పిన విద్య అది.

"ఏవండీ, మీరు మూత తీసి చూసినప్పుడల్లా బండి కదులుతోంది గమనించారా?" అన్నాను.

"కిక్కు కొడితే కదులుతోంది. నువ్వూరుకో."

"తీసినప్పుడు స్స్ మని చప్పుడొచ్చింది. రెండుసార్లూ విన్నాను. ఆ మూతకి గాలి కంత ఏదైనా ఉంటుందా?"

ఆయన ఆగారు. టార్చి నోట్లోంచి తీశారు. మూత తెచ్చి వెలుతురులో తిప్పి చూస్తే, మధ్యలో ఉండవలసిన చిన్న కంతలో నల్లరంగు గడ్డకట్టి ఉంది. పెట్రోలు దిగుతోంది గాని దాని చోట్లోకి గాలి పోవటం లేదు. అందుకే టాంకు నిండా పోయించినప్పుడు బండి మరీ త్వరగా ఆగేది. లోపల మిగిలిన కాస్త గాలి ఎంతసేపని సాగుతుంది? పది నిమిషాలు నిలబెడితే ఎక్కడో సందులోంచి కొంచెం గాలి చేరి మళ్లీ నడిచేది. మెకానిక్కు మూడుసార్లు కడిగిన కార్బురేటరులో ఏ దోషమూ లేదు.

కొంగు ముడికున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఒక్క చేత్తో సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆయన రెండు పోట్లు పొడిచారు. రంగు పెచ్చు రాలిపోయింది. ఆ తరవాత అత్తిలి దాకా బండి ఆగితే ఒట్టు! ఒంటిగంటా ముప్ఫై అయిదుకు పందిట్లో ఉన్నాం.

"ఇంత ఆలస్యమేం అల్లుడుగారూ?" అని మా నాన్న అడిగితే, "దారిలో బండి చిన్న ట్రబులిచ్చిందండీ. మూతలో కంత మూసుకుపోయిందని కనిపెట్టి సరిచేశాను" అన్నారు మావారు. పదిమందీ భేష్ అన్నారు. నేను పిన్నీసు మళ్లీ కొంగుకి పెట్టుకుని తాంబూలాల దగ్గరికి వెళ్లిపోయాను. పెళ్లివారింట్లో మొగుడి మాట కాదనే అలవాటు మాకు లేదు. ఆ మాట మాత్రం ఎక్కడో లోపల చిన్న నలకలా ఉండిపోయింది.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త పొగ నిబంధనలొచ్చి, కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నిటికీ పంపూ, పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటూ వచ్చేశాయి. నాటి యుద్ధ విమానాల తరహా విద్య పాలవాడి బండిదాకా దిగింది. పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు కలపటం 2025 నాటికి అమలైంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది. అందుకని పాత బండి ఉన్నవాళ్లు గొట్టాలు చూసుకుంటూ ఉండాలి, నెలల తరబడి పెట్రోలు టాంకులో నిలవ ఉంచకూడదు.

ఈ మాట చెప్పింది మా మనవరాలు. ఇంజనీరింగు చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి, వసారాలో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న ఆ పాత బండిని లేపింది. టాంకు కడిగి, గొట్టం మార్చి, మూత చేతిలోకి తీసుకుని, "తాతయ్యా, ఈ కంత చుట్టూ గీతలేమిటి?" అంది.

మావారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. అత్తిలి పెళ్లి సంగతి మొదలుపెట్టారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను.

"మరి ఎవరు కనిపెట్టారు?" అంది మనవరాలు.

కాసేపు చప్పుడు లేదు. "మీ మామ్మే" అన్నారు. "పిన్నీసు కూడా తనదే."

నలభై ఏళ్ల తరవాత మూత తీసినట్టయింది నాకు. ఆ పూట ఆయనకి కాఫీలో డికాషను కాస్త ఎక్కువే పోశాను. పొలమారలేదు లెండి.